మూడు, నాలుగు, ఐదు తరగతులకి నీతి కథలు కాకుండా ఇంకేం పుస్తకాలు కొనాలి?

కనిగిరి టీచర్:

అందరికీ నమస్కారం. నేను కనిగిరి వైపు ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) చేస్తున్నాను. బడికి ఇద్దరమే టీచర్లం. ఒకటి, రెండు తరగతులు మా సార్ చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు కలిపి 27 మంది నా గదిలో కూర్చుంటారు. లైబ్రరీ పుస్తకాల కోసం ఈసారి మాకు 5,000 రూపాయలు ఉన్నాయి. వాటితో ఏమేం కొనాలో మీ సలహా కావాలి.

పోయినసారి డబ్బు వృథా చేశాను, అందుకే ఇంత టెన్షన్. అప్పుడు ఒక షాపుకి వెళ్లి "చిన్న పిల్లలకి కథల పుస్తకాలు కావాలండీ" అన్నాను. అతను ఒక పెద్ద కట్ట తీసి ముందు పెట్టాడు. రంగురంగుల అట్టలు, ధర తక్కువ, నూటికి పైనే వచ్చాయి. సంబరంగా బస్సులో వేసుకొచ్చాను. బడిలో విప్పి చూస్తే అన్నీ ఒక తానులో ముక్కలే. కుందేలు తాబేలు, నక్క ద్రాక్షపళ్లు, సింహం ఎలుక. అవే కథలు నాలుగు రకాల అట్టల్లో ఉన్నాయి. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ప్రతి కథ చివరా ఒక పెట్టె గీసి అందులో "నీతి" అని రాశారు.

పిల్లలు వారం రోజులు తీశారు, ఆ తర్వాత బీరువా వైపు చూడటం మానేశారు. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు పుస్తకం తీసుకోగానే నేరుగా చివరి పేజీకి వెళ్లి, ఆ పెట్టెలో ఉన్న రెండు లైన్లు చదివి, "అయిపోయింది టీచర్" అని తిరిగిచ్చేశాడు. వాడిని ఏమని కోప్పడను? మేం తరగతిలో అడిగేది కూడా చివరికి ఆ నీతే కదా.

ఆ అబ్బాయి గురించే ఇంకో సంగతి చెప్పాలి. వాళ్లకి గొర్రెలున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం వాడు శనక్కాయలు పొట్లం కట్టిన పేపరు ముక్క విప్పి మోకాళ్ల మీద పరిచి కూర్చున్నాడు. కాయలు పక్కన పోశాడు, తినడం లేదు. దగ్గరికెళ్లి చూస్తే అందులో గొర్రెలకి వచ్చే నీలి నాలుక వ్యాధి గురించి రాశారు. పేపరు సగంలో చిరిగి ఉంది. వాడు ఒక్కో మాట మీద వేలు పెట్టి, "మూ-తి వా-చి" అని కూడబలుక్కుంటున్నాడు. నన్ను చూసి "టీచర్, ఇది పోయినేడు మా వాటికి వచ్చిందే. మందు ఏందో కింద ఉండాలి, చిరిగిపోయింది" అన్నాడు. పాఠ్యపుస్తకంలో నాలుగు లైన్లు చదవమంటే తల దించుకునే పిల్లవాడు! ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడికి కావలసింది నా బీరువాలో ఒక్కటి కూడా లేదు.

నేను అడిగేవి ఇవి. కథలు కాక ఇంకేం రకాలు ఉండాలి, ఏ రకం ఎంత కొనాలి? ఐదో తరగతిలో ఐదుగురు ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కునే స్థితిలోనే ఉన్నారు. చిన్న తరగతి పుస్తకం ఇస్తే సిగ్గుపడి తీసుకోరు, పెద్దది ఇస్తే చదవలేరు. వాళ్లకి ఏమివ్వాలి? తెలుగులో మంచివి ఎక్కడ దొరుకుతాయి?

రిటైర్డ్ హెచ్ఎం, బాపట్ల:

అమ్మా, మీ గొర్రెల అబ్బాయి సంగతి రెండుసార్లు చదివాను. నేను 34 ఏళ్లు చిన్న పిల్లలకే పాఠాలు చెప్పాను. ఆ పేపరు ముక్కని పట్టించుకున్నారు చూడండి, సగం పని అయిపోయింది. నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మీ ఐదుగురి సంగతి, అదే అన్నిటికంటే తొందరగా చూడాల్సింది. వాళ్లకి పొడుపు కథల పుస్తకం ఇవ్వండి. పేజీకి రెండు మూడు లైన్లే ఉంటాయి, అయినా దాన్ని చిన్న పిల్లల పుస్తకమని ఎవరూ వెక్కిరించరు. "చెయ్యని కుండ, పొయ్యని నీరు, వెయ్యని సున్నం, తియ్యగ నుండు." ఎంతసేపు చదవాలి చెప్పండి? కానీ అది చదివినవాడి దగ్గర జవాబుంటుంది, మిగతా 26 మంది దగ్గర ఉండదు. మా బడిలో ఇలాగే వెనకబడిన ఐదో తరగతి పాప ఒకతె ఉండేది. రోజూ ప్రార్థన అవగానే అందరి ముందు ఒక పొడుపు కథ వేసే పని ఆమెకిచ్చాను. ముందు రోజు సాయంత్రం అది తప్పు లేకుండా చదువుకోవాలి కాబట్టి ఇంట్లో పదిసార్లు చదివేది. మొదటి వారం నేను పక్కన నిలబడ్డాను. మూడో వారం నుంచి ఆమె నన్ను దగ్గరికి రానివ్వలేదు, జవాబు నాకు తెలిసిపోతుందని.

అలాగే పిల్లలకి నోటికి వచ్చినవన్నీ అచ్చులో కనబడాలి. బుర్రుపిట్ట, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప. పాట ముందే వచ్చు కాబట్టి కళ్లు అక్షరాల వెంట ధైర్యంగా నడుస్తాయి. ఏడు చేపల కథ కూడా అంతే. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" "గడ్డిమోపు అడ్డమొచ్చింది." అక్కడి నుంచి ఆవు దాకా, ఆవు నుంచి చీమ దాకా ప్రశ్న అదే, పేరు మాత్రం మారుతుంది. ఒక్కో మాట ఒక్కో అట్టముక్క మీద రాసి ఒక్కో పిల్లకి ఇవ్వండి. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్నది గదంతా కలిసి అంటారు. ఈ కథకి నీతి ఏమిటని నా 34 ఏళ్లలో ఒక్క పిల్ల కూడా అడగలేదు.

ఇక కొనేటప్పుడు ఒక పని తప్పకుండా చెయ్యండి. పుస్తకం మధ్యలో తెరిచి ఒక పేజీ పైకి చదవండి. కళ్లతో చూస్తే మనకి అన్నీ తేలికగానే ఉంటాయి. మూడో తరగతి పాప ఒకతె నా ముందు కూర్చుని "వెళ్లిపోతున్నప్పుడల్లా" అన్న మాట దగ్గర ఆగిపోయింది. "వెళ్లి-పో-తు" దాకా వచ్చి మళ్లీ మొదటికి వెళ్లింది. రెండోసారి "న్న" దాకా వచ్చింది. మూడోసారి "ప్పు" దగ్గరికి చేరేసరికి మొదట్లో ఏముందో మర్చిపోయి నా ముఖం వైపు చూసింది. ఆమెకి ఆ మాట తెలియదా అంటే తెలుసు. "మా నాన్న పనికి వెళ్లిపోతున్నప్పుడల్లా మా తమ్ముడు ఏడుస్తాడు" అని తనే చెప్పిన పిల్ల. మాట పొడుగే అడ్డం. అదే పుస్తకంలో "నాన్న పనికి వెళ్తాడు. తమ్ముడు ఏడుస్తాడు" అని ఉంటే గడగడా చదివేది. మన భాషలో మాటకి మాట అతుక్కుని పెరుగుతుంది. అందుకని పేజీకి ఎన్ని మాటలున్నాయని మాత్రమే లెక్కేస్తే సరిపోదు, ఒక్కో మాట ఎంత పొడుగుందో కూడా చూడాలి. ఒకే అక్షరం కింద రెండేసి ఒత్తులున్న మాటలు పేజీ నిండా ఉంటే అది మూడో తరగతికి వద్దు.

మాటలే లేని బొమ్మల పుస్తకాలు కూడా రెండు మూడు కొనండి. డబ్బు దండగ అనుకోకండి. ముగ్గురిని కూర్చోబెట్టి అదే బొమ్మకి ముగ్గురినీ కథ చెప్పమంటే, చెప్పినదాన్ని మీరు బోర్డు మీద రాస్తే, అదే వాళ్ల మొదటి పాఠం.

పెద్ద కథల్లో చందమామ బేతాళ కథలు ఐదో తరగతికి పనికొస్తాయి. 1947 జులైలో మొదలైన పత్రిక, భాష ఇప్పటికీ తేటగా ఉంటుంది. మీరు పైకి చదవండి. బేతాళుడు ప్రశ్న అడిగిన చోట పుస్తకం టక్కున మూసేయండి. విక్రమార్కుడి జవాబు రేపు. ఆ రాత్రి పిల్లలు ఇంట్లో అందరినీ ఆ ప్రశ్న అడుగుతారు. మర్నాడు తలా ఒక జవాబు పట్టుకొస్తారు. కొన్నిసార్లు విక్రమార్కుడి కంటే వాళ్లదే నయమనిపిస్తుంది.

'బుడుగు' కొనమని అందరూ చెప్తారు. నాకూ ప్రాణమే. కానీ అది మీ పిల్లల చేతికి ఇవ్వకండి. ముళ్లపూడి వారి మాటల విరుపు తొమ్మిదేళ్ల పిల్లకి అచ్చులో అందదు. మీరు చదివి వినిపించి, బాపు బొమ్మలు తిప్పి చూపించండి, అప్పుడు పడీ పడీ నవ్వుతారు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కూడా అంతే. అవి కావలి ఊళ్లోని ముస్లిం ఇళ్ల కథలు, ఆ ఊరు మీకు పెద్ద దూరం కాదు, ఆ మాట మీ పిల్లల మాటకి దగ్గరగా ఉంటుంది. మీ తరగతిలో ముస్లిం పిల్లలుంటే మరీ మంచిది. తమ ఇంట్లో మాట్లాడే మాటలు పుస్తకంలోంచి టీచరు చదువుతుంటే ఆ పిల్లలు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటారు. అన్నీ చిన్న పిల్లలకి సరిపోవు, ముందు మీరు చదివి రెండు మూడు ఏరుకోండి.

ఎక్కడ దొరుకుతాయంటే, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లు నెహ్రూ బాల పుస్తకాలయం అని వేస్తారు, ధర తక్కువ, బొమ్మలు మంచి చిత్రకారులవి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి, ప్రథమ్ బుక్స్ వాళ్లవి తప్పక చూడండి. చెన్నై తూలికా వాళ్లు ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్న పుస్తకాలు వేస్తారు. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి కాబట్టి అవి మీకు బాగా పనికొస్తాయి. ధర కొంచెం ఎక్కువ, నాలుగైదు చాలు.

లెక్క చెప్పమంటే నేనైతే ఒక 2,000 తేలిక పుస్తకాలకి, బొమ్మల పుస్తకాలకి పెడతాను. 1,500 విషయాలు చెప్పే పుస్తకాలకి, మిగిలింది పాటలు, పొడుపు కథలు, పెద్ద కథలకి. మొత్తం ఒక్కసారే ఖర్చు పెట్టకండి. వెయ్యి రూపాయలు ఉంచుకుని, రెండు నెలలు పిల్లలు ఏవి చించుతున్నారో చూసి కొనండి. చిరిగిన పుస్తకమే బాగా చదివిన పుస్తకం.

సైన్సు మాస్టారు, ఖమ్మం:

మేడం చెప్పిన "విషయాలు చెప్పే పుస్తకాలు" గురించి నేను కొంచెం చెప్తాను, ఎందుకంటే అందులోనే ఎక్కువ మోసపోతాం. అట్ట మీద "విజ్ఞానం" అని ఉంటే చాలు కొనేస్తాం, లోపల ఇరవై ఏళ్ల నాటి సరుకు ఉంటుంది. నేను చేసే పరీక్ష చాలా చిన్నది. సౌర కుటుంబం పేజీ తియ్యండి. తొమ్మిది గ్రహాలు ఉంటే పక్కన పెట్టేయండి. ప్లూటోని 2006లోనే ఆ వరుసలోంచి తీసేశారు. తర్వాత పటం చూడండి. 2014 తర్వాత అచ్చయిన పుస్తకంలో కూడా తెలంగాణ, ఆంధ్ర కలిసిపోయి ఉన్న పటాలు నేను చూశాను. మీ వైపు 2022లోనే 13 జిల్లాలు 26 అయ్యాయి, పటంలో ఇంకా 13 ఉంటే అది పాతదే. రాష్ట్ర పక్షి దగ్గర కూడా తేడా తెలుస్తుంది. పాలపిట్ట ఇప్పుడు మాది, మీది రామచిలుక. ఈ మూడూ చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇంకొకటి. పెద్ద పెద్ద డైనోసార్ల పుస్తకాల కంటే పిల్లలు కళ్లతో చూసి సరిచూసుకోగలిగేవి కొనండి. పిట్టలు, పురుగులు, చెట్లు, వానపాము. పుస్తకంలో ఉన్నది నిజమో కాదో బయటికెళ్లి చూసొస్తారు. మా బడిలో మూడో తరగతి వాళ్లు గిజిగాడు గూడు పుస్తకంలో చూసి, చెరువు గట్టు మీద ఈత చెట్టుకి వేలాడే గూళ్లు లెక్కపెట్టి వచ్చారు. పుస్తకంలో మగపిట్ట గూడు అల్లుతుందని ఉంది. "ఆడపిట్ట కదా సార్ గూడు కట్టాలి" అని ఒకడు ఒప్పుకోలేదు. మూడు రోజులు వెళ్లి కూర్చుని, తల పసుపు పచ్చగా ఉన్న పిట్టే పీచు తెస్తోందని చూసి వచ్చి ఒప్పుకున్నాడు. వాడు మళ్లీ ఆ పేజీ ఎన్నిసార్లు చదివాడో నాకు లెక్క లేదు.

చేసి చూసే పుస్తకాలు కూడా ఉండాలి. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా గారి పుస్తకాలు తెలుగులో వచ్చాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో త్రిభుజాలు, గుడిసెలు కట్టే పని మూడో తరగతికి కూడా వస్తుంది. ఆయన వెబ్‌సైటులో చాలా పుస్తకాలు ఉచితంగానే ఉన్నాయి. ఈ రకం పుస్తకంలో ఒక లాభం ఉంది. చదివి సరిగ్గా అర్థం చేసుకోకపోతే బొమ్మ నిలబడదు. అర్థమయిందా అని మనం అడగక్కర్లేదు. జన విజ్ఞాన వేదిక వాళ్ల పిల్లల సైన్సు పత్రిక చెకుముకికి చందా కూడా కట్టండి. నెలకోసారి కొత్తది వస్తుందంటే పిల్లలు పోస్టుమాన్ కోసం ఎదురు చూస్తారు.

మీ గొర్రెల అబ్బాయికి మాత్రం పుస్తకం కొనక్కర్లేదు. దగ్గర్లో ఉన్న పశువుల ఆసుపత్రికి వెళ్లి కరపత్రాలు అడగండి. వాళ్ల దగ్గర తెలుగులో ఉంటాయి. ఊళ్లో రైతుల ఇళ్లలో పాత అన్నదాత, పాడిపంటలు సంచికలు అటకల మీద పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. గొర్రెల పేజీలు కత్తిరించి అట్టలకి అంటించి బీరువాలో పెట్టండి. అది కూడా పుస్తకమే.

పాప తండ్రి, గుంటూరు:

టీచర్లందరూ నీతి కథలంటే ఇంత విసుగ్గా మాట్లాడటం నాకు కొంచెం బాధగా ఉంది. మేం పంచతంత్రం, వేమన పద్యాలు చదివే పెరిగాం. మా అమ్మ రోజూ ఒక కథ చెప్పి, చివర "చూశావా, అలా చెయ్యకూడదు" అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంటుంది. ఇప్పుడు ఫోన్లలో పిల్లలు చూసేవి చూస్తున్నాం కదా. బడిలో కూడా మంచీ చెడూ చెప్పే కథ లేకపోతే ఎలా?

రిటైర్డ్ హెచ్ఎం, బాపట్ల:

బాబూ, మీ అమ్మగారు చెప్పినట్టు చెప్పే కథ అయితే నేను పది కొనిపిస్తాను. నేను వద్దంటున్నది కథని కాదు, కథని కోసేసిన పుస్తకాన్ని. పావురాల కథే తీసుకోండి. వలలో పడ్డ పావురాలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. చవక పుస్తకంలో కథ అక్కడితో ఆగిపోతుంది, "ఐకమత్యమే బలం" అని పెట్టె గీస్తారు. అసలు పంచతంత్రంలో, మిత్రలాభంలో, అవి ఎలుక దగ్గరికి వెళ్తాయి. ఎలుక తన స్నేహితుడైన పావురాల రాజు కట్లు ముందు కొరకబోతుంది. రాజు ఒప్పుకోడు. ముందు నా వాళ్లవి కొరుకు, తర్వాత నావి అంటాడు. నా పళ్లు మెత్తనివి, అన్నీ కొరకలేనేమో అని ఎలుక భయపడుతుంది. అయినా రాజు మాట మార్చడు. మీరే చెప్పండి, ఇందులో ఏ భాగం పిల్లల మనసులో ఉండిపోతుంది? పరవస్తు చిన్నయసూరి 1853లో ఈ కథల్నే తెలుగులో నీతిచంద్రికగా రాసినప్పుడు ఈ భాగం వదల్లేదు. ఇప్పుడు పదహారు పేజీల్లో ఇరికించాలని వదిలేస్తున్నారు.

కాబట్టి టీచరమ్మా, మంచి పంచతంత్రం, కథ మొత్తం ఉన్నది, ఒకటి కొనండి. ఆ నూరు పుస్తకాల్లో బొమ్మలు బాగున్నవి ఏవైనా ఉంటే నీతి పెట్టె మీద తెల్ల కాగితం అంటించి, "ఇక్కడ మీరేమంటారు?" అని వదిలేయండి. పారెయ్యకండి.

కాలనీ లైబ్రరీ అక్క, హైదరాబాద్:

ఒక చిన్న మాట చేర్చాలని వచ్చాను. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని వెబ్‌సైటు పెట్టారు. అందులో తెలుగు పుస్తకాలు బోలెడున్నాయి, ఉచితం. డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకుని బడిలో పెట్టుకోవడానికి వాళ్ల అనుమతి ముందే ఉంది, ఎవరినీ అడగక్కర్లేదు. నాలుగు స్థాయిలుగా విడగొట్టి ఉంటాయి. మీ ఐదుగురికి మొదటి స్థాయివి నలుపు తెలుపులో తీసి, స్థాయి నంబరు ఉన్న చోటు మడిచేసి కుట్టండి. నేను అలాగే చేస్తాను. నంబరు కనపడకపోతే ఏ పిల్లా సిగ్గుపడదు.

కానీ ప్రింట్ కొట్టేముందు ప్రతి పుస్తకం మీరు ఒకసారి చదవండి. అక్కడ ఎవరైనా అనువాదం చేసి పెట్టొచ్చు. కొన్ని చక్కగా ఉంటాయి, కొన్నిట్లో తెలుగు నడవదు. మొదటి పేజీ పైకి చదివితే నాలుక తడబడుతుందా లేదా తెలిసిపోతుంది.

మా లైబ్రరీలో ఇంకో విషయం గమనించాను. పుస్తకాలు వెన్ను బయటికి కనపడేలా బీరువాలో పెడితే చిన్న పిల్లలు తియ్యరు. తెలుగు పిల్లల పుస్తకాలు సన్నగా ఉంటాయి, వెన్ను మీద పేరే ఉండదు. రెండు మేకులు కొట్టి తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు వేలాడదీశాను. అట్ట కనపడితేనే చెయ్యి వెళ్తుంది.

కనిగిరి టీచర్:

ఆలస్యంగా జవాబు ఇస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని జనవరిలో విజయవాడ వెళ్లొచ్చాను. రోజంతా తిరిగాను. ప్రతి స్టాల్లోనూ పుస్తకం మధ్యలో తెరిచి పైకి చదువుతుంటే ఒక స్టాలు ఆయన కుర్చీ వేసి కూర్చోమన్నాడు. సౌర కుటుంబం పేజీలో తొమ్మిది గ్రహాలున్నవి మూడు పుస్తకాలు తగిలాయి, తిరిగి పెట్టేశాను. మొత్తం 3,900 రూపాయలకి 64 పుస్తకాలు వచ్చాయి. మిగిలిన డబ్బు అలాగే ఉంచాను.

బీరువా తాళం తీసేశాం. మా సార్ కిటికీ ఊచలకి తాడు కట్టారు. మొదటి రోజు నేను ఎవరికీ ఏమీ చెప్పకుండా ఎవరు ఏది తీస్తున్నారో నోట్సులో రాసుకున్నాను. పిట్టల పుస్తకం ముగ్గురు పట్టుకుని లాగారు. తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉన్నది ఐదో తరగతి ఆడపిల్లలు తీశారు. నేను ఎంతో ఇష్టపడి కొన్న ఒక పెద్ద జీవిత చరిత్ర ఎవరూ ముట్టుకోలేదు, ఇప్పటికీ అలాగే ఉంది. అది నేనే రోజుకి రెండు పేజీలు చదివి వినిపిద్దామనుకుంటున్నాను.

ఆ ఐదుగురిలో ఇద్దరు పొడుపు కథల పుస్తకం వదలడం లేదు. హెచ్ఎం మేడం చెప్పినట్టే ప్రార్థన తర్వాత చెప్పిస్తున్నాను. నిన్న ఒకడు "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అన్నాడు. ఒకటో తరగతి పిల్ల కళ్లు టపటపా కొట్టి చూపించింది. వాడికి తన పొడుపు అంత తొందరగా విప్పేశారని కోపం వచ్చి, ఇంకా కష్టమైనది కావాలని మధ్యాహ్నం అన్నం తిని పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు నాలుగు రకాల కరపత్రాలు ఇచ్చారు. ఒక్కో రకం రెండు ప్రతులు. నీలి నాలుక గురించినది అట్టకి అంటించి తాడుకి వేలాడదీశాను. మా గొర్రెల అబ్బాయి దాన్ని ఆ రోజే ఇంటికి తీసుకెళ్లాడు. రెండు రోజులు తేలేదు, నేనూ అడగలేదు. మూడో రోజు వాళ్ల తాత బడికి వచ్చాడు. చేతిలో ఆ అట్ట, ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంది. "మనవడు రాత్రి చదివి చెప్పాడమ్మా. టీకా వానలకి ముందే వేయించాలంట. ఇంకో రోగం కాగితం కూడా ఉందంటగా, అదిస్తే వాడి చేత చదివించుకుంటా" అన్నాడు. ఇచ్చి పంపాను. ఇప్పుడు వాడు గొర్రెల రోగాలు, మందులు, తాత చెప్పిన నాటు వైద్యం వేరు వేరు పేజీల్లో రాస్తున్నాడు. తప్పులు చాలా ఉన్నాయి, నేను దిద్దలేదు. పేజీలు దారంతో కుట్టి, అట్ట వేసి, లైబ్రరీ రిజిస్టరులో 65వ నంబరు వేశాం.

ఒకటి మాత్రం దొరకలేదు. మూడు, నాలుగు తరగతుల పిల్లలు చదివి వెయ్యగలిగే చిన్న నాటికలు, పాత్రకి ఐదారు మాటలకి మించకుండా ఉన్నవి. విజయవాడలో చూసినవన్నీ హైస్కూలు పిల్లలకి రాసినవే. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి. నా దగ్గర ఇంకా 1,100 రూపాయలు ఉన్నాయి.